విహారయాత్రలో ముందు చెల్లింపు భోజనం: లెక్కకు నిలుస్తుందా?

పంట రుణం కోరి బ్యాంకుకు వచ్చిన రైతును క్షేత్రాధికారి అడిగే మొదటి ప్రశ్న "ఎంత కావాలి?" అన్నది కాదు. "దేనికి కావాలి, ఎప్పుడు కావాలి, అందులో నిజంగా ఎంత వాడతారు?" అన్నదే అసలు ప్రశ్న. పెట్టుబడి లెక్క అంతా ఈ మూడింటిపైనే ఆధారపడి ఉంటుంది. ఇదే ప్రశ్నను కుటుంబ ఖర్చుల విషయంలో మనం అరుదుగా వేసుకుంటాము. ముఖ్యంగా విహారయాత్రల విషయంలో, "పిల్లల సంతోషం ముందు లెక్కలేమిటి?" అని సరిపెట్టుకుంటాము. ఈ పాఠంలో అటువంటి ఒక ఖర్చును, అంటే వినోద ఉద్యానాల్లో ముందుగానే సొమ్ము కట్టించుకొనే భోజన పథకాన్ని, పెట్టుబడి లెక్క వేసినట్లే వేసి చూద్దాము.

సందర్భం

కృష్ణా డెల్టాలో నాలుగు ఎకరాల వరి సాగు చేసే ఒక పెద్దాయన మా శాఖకు పాత ఖాతాదారు. 2024 ఏప్రిల్ నెలలో ఆయన తన డిపాజిట్ రసీదుతో వచ్చారు. క్రిందటి సార్వా ధాన్యం అమ్మిన సొమ్ములో 1,75,000 రూపాయలు ఆ జనవరిలో ఆరు నెలల గడువుకు వేసుకున్నారు. జూలైలో అది చేతికి వస్తే, నాట్లకు, ఎరువులకు సరిపోవాలన్నది ఆయన ఏర్పాటు. ఇప్పుడు దానిని గడువుకు ముందే రద్దు చేయమని అడిగారు.

కారణం అడిగాను. అమెరికాలో ఉన్న కుమార్తె, అల్లుడు జూన్ మొదటి వారంలో తమ ఇద్దరు పిల్లలతోపాటు అత్తమామలను కూడా ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో నగరం దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళుతున్నారు. రెండు గదులు, నాలుగు రాత్రుల బస. ప్రవేశ రుసుము, గదుల అద్దె అల్లుడు గారివి. భోజనాల ఖర్చు మాత్రం తానే పెట్టుకుంటానని పెద్దాయన మాట ఇచ్చారు. అక్కడ ముందుగానే సొమ్ము కట్టేస్తే అందరికీ భోజనం దొరికే పథకం ఉన్నదని విని, దానికోసం వచ్చారు.

"ఆఫీసరు గారూ, క్రిందటిసారి వెళ్లినప్పుడు విమానాశ్రయంలో కాఫీ ఆరు డాలర్లన్నారు. మన డబ్బుల్లో అయిదు వందలు. మా ఆవిడ, నేను మంచినీళ్లు తాగి కూర్చున్నాము. ధర తెలిస్తే నాకు గొంతు దిగదు. ముందే కట్టేశాననుకోండి, ఇక లెక్క చూసుకునే పని ఉండదు. మా అమ్మాయి ప్రతిసారీ సంచి తెరవవలసిన పనీ ఉండదు" అన్నారు.

ఈ మాటలో గౌరవం ఉన్నది, అవసరమూ ఉన్నది. కనుక "వద్దు" అని చెప్పే అధికారం నాకు లేదు. కాని సార్వా పెట్టుబడి కరిగిపోతే జూలైలో ఆయన వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కవలసి వస్తుంది. "అప్పుచేసి పప్పుకూడు" అన్న సామెత అందరికీ తెలిసినదే. అందుచేత, "బాబాయి గారూ, రసీదు నా దగ్గర ఉంచండి. రేపు సాయంత్రం అమ్మాయి గారితో ఫోనులో మాట్లాడి లెక్క వేద్దాము" అన్నాను.

పథకం స్వరూపం

వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న ప్రారంభమైనది. నేడు అందులో నాలుగు వినోద ఉద్యానాలున్నాయి. అక్కడి సొంత హోటళ్లలో బస చేసేవారికోసం 2005లో 'డైనింగ్ ప్లాన్' అనే భోజన పథకాన్ని ప్రవేశపెట్టారు. 2020లో కరోనా కారణంగా అది నిలిచిపోయి, 2024 జనవరి 9న తిరిగి అమలులోకి వచ్చింది. ఇందులో రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది కౌంటరు భోజన పథకం. రాత్రి ఒక్కింటికి, మనిషి ఒక్కింటికి రెండు కౌంటరు భోజనాలు, ఒక చిరుతిండి ఇస్తారు. భోజనంతోపాటు ఒక పానీయం కూడా ఉంటుంది. హోటల్ ప్రాంగణంలో మళ్లీ మళ్లీ పానీయం నింపుకొనే కప్పు ఒకటి బస మొత్తానికి ఇస్తారు. 2024లో దీని ధర పెద్దలకు రాత్రికి 57.01 డాలర్లు, 3 నుండి 9 ఏళ్ల పిల్లలకు 23.83 డాలర్లు.

రెండవది బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే భోజనం కలిసిన పథకం. రాత్రికి ఒక వడ్డన భోజనం, ఒక కౌంటరు భోజనం, ఒక చిరుతిండి, పైన చెప్పిన కప్పు ఇందులో ఉంటాయి. 2024లో పెద్దలకు రాత్రికి 94.28 డాలర్లు, పిల్లలకు 29.69 డాలర్లు.

పెద్దాయన మనసులో ఉన్నది రెండవ పథకం. ఆరుగురికి నాలుగు రాత్రులకు అది 2,004 డాలర్లు దాటుతుంది. అప్పటి మారకం డాలరుకు 83 రూపాయలుగా తీసుకుంటే, సుమారు 1,66,000 రూపాయలు. అంటే డిపాజిట్ దాదాపు మొత్తం హరించుకుపోతుంది. మొదటి పథకమైతే 1,235.52 డాలర్లు, సుమారు 1,02,500 రూపాయలు. దాళ్వా పంట రుణం తీర్చిన తరువాత ఆయన చేతిలో మిగిలినది 70,000 రూపాయల చిల్లర మాత్రమే. కనుక ఏ పథకం తీసుకున్నా డిపాజిట్ రద్దు కావలసిందే.

మొదటి మెట్టు: నిబంధనలు చదవడం

రుణ పత్రంపై సంతకం చేసేముందు షరతులు చదవమని మేము రైతులకు చెబుతుంటాము. భోజన పథకానికీ అదే వర్తిస్తుంది. ఈ పథకంలో లెక్కను తారుమారు చేసే షరతులు ఆరు ఉన్నాయి.

1. గదిలో ఒక్కరికి తీసుకుంటే, ఆ గదిలో ఉన్న మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, బస చేసిన అన్ని రాత్రులకూ తీసుకోవాలి. ఎక్కువ తినేవారికి మాత్రమే కొనుక్కొనే వీలు లేదు.

2. పది సంవత్సరాలు నిండినవారు పెద్దల లెక్కలోకి వస్తారు. ఈ కుటుంబంలో మనవడికి పది, మనవరాలికి ఆరు. అన్నాచెల్లెళ్లు తినే తిండిలో తేడా కొద్దిగానే ఉండవచ్చు. ధరలో మాత్రం తేడా రెట్టింపుకు పైమాటే.

3. భోజనాలను రాత్రుల లెక్కన ఇస్తారు, పగళ్ల లెక్కన కాదు. నాలుగు రాత్రుల బసలో అయిదు పగళ్లు ఉంటాయి. చేతికి వచ్చేవి ఎనిమిది భోజనాలు, నాలుగు చిరుతిళ్లు.

4. గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో మిగిలిన భోజనాలు చెల్లకుండా పోతాయి. సొమ్ము వాపసు రాదు.

5. వడ్డన భోజనంలో వడ్డించేవారికి ఇచ్చే బహుమానం కలిసి లేదు. ఆరుగురు లేదా అంతకుమించి కూర్చుంటే 18 శాతం బిల్లులోనే చేరుస్తారు. ఈ కుటుంబం సరిగ్గా ఆరుగురు.

6. పథకం కొన్నంత మాత్రాన వడ్డన భోజనశాలలో చోటు ఖాయం కాదు. చోటు కోసం విడిగా, 60 రోజుల ముందునుంచే నమోదు చేసుకోవాలి. పేరొందిన కొన్ని భోజనశాలల్లో ఒక్క పూటకు రెండు పూటల హక్కు ఖర్చవుతుంది.

మరొక విశేషం. 21 ఏళ్లు దాటినవారికి భోజనంతో ఇచ్చే పానీయం మద్యమైనా కావచ్చు. అలవాటు లేనివారు ఆ సౌకర్యాన్ని వాడుకోరు. కాని ధర అందరికీ ఒకటే.

రెండవ మెట్టు: వినియోగాన్ని అంచనా వేయడం

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఎనిమిది భోజనాలు, నాలుగు చిరుతిళ్లు ఎవరు ఎన్ని తింటారు? ఏవి తింటారు?

మరునాడు సాయంత్రం కుమార్తె ఫోనులో ఉండగా, ఒక్కొక్కరి సంగతీ విడిగా వ్రాసుకున్నాము. పెద్దాయన, ఆయన భార్య శాకాహారులు. ఆమెకు శనివారం ఒంటిపూట నియమం, ఆ శనివారం బస రోజుల్లోనే పడింది. చేరిన రోజు సాయంత్రమవుతుంది. బయలుదేరే రోజు ఉదయమే ప్రయాణం. ఆమె మహా అయితే అయిదు భోజనాలు, రెండు చిరుతిళ్లు. పెద్దాయన ఆరు భోజనాలు, మూడు చిరుతిళ్లు. కుమార్తె ఆరు, నాలుగు. అల్లుడు గారు, పిల్లలు అన్నీ వాడతారు.

ధరలకోసం కుమార్తె అక్కడి భోజనశాలల పట్టికలు చూసి, వాళ్లు తినే వంటకాలకు సగటు వేసి చెప్పింది. శాకాహార భోజనం పానీయంతో 18 డాలర్లు. ఆమెకూ అంతే. చిరుతిండి 6 డాలర్లు. పిల్లల భోజనం 9 డాలర్లు. పదేళ్ల మనవడు కూడా అదే తింటాడని ఆమె అంచనా. అల్లుడు గారి భోజనం పానీయంతో 24 డాలర్లు. ఆ పానీయం ఏమిటన్నది మామగారి ఎదుట నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పట్టికలోని ధరలపై అమ్మకపు పన్ను 6.5 శాతం అదనం. పథకం ధరలో పన్ను కలిసే ఉంటుంది కనుక, సరిపోల్చేటప్పుడు దీనిని తప్పక చేర్చాలి.

మూడవ మెట్టు: పక్కపక్కన పెట్టి చూడడం

నాలుగు రాత్రులకు, కౌంటరు భోజన పథకం ధర ముందు, విడిగా కొనుక్కుంటే పన్నుతో అయ్యే ఖర్చు తరువాత, డాలర్లలో:

పెద్దాయన: 228, 134
ఆయన భార్య: 228, 109
కుమార్తె: 228, 141
అల్లుడు: 228, 230
మనవడు, 10 ఏళ్లు: 228, 102
మనవరాలు, 6 ఏళ్లు: 95, 102
మొత్తం: 1,235, 818

తేడా 417 డాలర్లు, అంటే సుమారు 34,600 రూపాయలు. ఆ కప్పు విలువ ఇందులో చేర్చలేదు. రోజుకు పలుమార్లు శీతల పానీయం తాగేవారికే దానివల్ల లాభం.

ఈ పట్టికను మరికొంత శ్రద్ధగా గమనించండి. పథకంవల్ల మేలు కలిగేది ఇద్దరికే. మనవరాలికి 7 డాలర్లు, అల్లుడు గారికి 2 డాలర్లు. వాళ్లిద్దరికీ మాత్రమే కొందామంటే గది నిబంధన అడ్డు వస్తుంది. గదుల వారీగా చూసినా ఫలితం మారదు. కుమార్తె గదికి పథకం 779 డాలర్లు, విడిగా 575. పెద్దవాళ్ల గదికి పథకం 456, విడిగా 243.

"మిగల్చకుండా అన్నీ తింటే సరిపోతుంది కదా?" అని మీరు అడగవచ్చు. పెద్దావిడ విషయంలో ఆ లెక్క కూడా వేశాము. ఎనిమిది భోజనాలు, నాలుగు చిరుతిళ్లు ఒక్కటి మిగల్చకుండా తిన్నా, పన్నుతో కలిపి ఆమె తినే తిండి విలువ 179 డాలర్లు. కట్టినది 228. నూటికి నూరు శాతం వాడినా తిరిగిరాని పెట్టుబడి అది. ప్రతి పూటా పట్టికలో అన్నిటికంటే ఖరీదైన వంటకాన్ని వెతికి తింటే తప్ప సొమ్ము గిట్టదు. శాకాహారికి అది మరీ కష్టం. ఖరీదు ఎక్కువైనవి సాధారణంగా మాంసాహార వంటకాలే. డబ్బు కట్టాము కదా అని ఆకలి లేకపోయినా తినడం మొదలుపెడితే, సొమ్ముతోపాటు ఆరోగ్యమూ పోతుంది.

పథకానికి ప్రత్యామ్నాయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఉద్యానాల్లోకి సొంత తిండి తీసుకువెళ్లవచ్చు. గాజు పాత్రలు, మద్యం, అక్కడ వేడి చేయవలసిన పదార్థాలు ఉండకూడదు. కౌంటర్ల దగ్గర చల్లని మంచినీరు అడిగితే ఉచితంగా ఇస్తారు. హోటల్ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. ఈ సంగతి వినగానే అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న పెద్దావిడ, "అయితే పులిహోర పట్టుకెళ్లవచ్చునా బాబూ?" అని అడిగారు. నిక్షేపంలా పట్టుకెళ్లవచ్చునన్నాను.

రూపాయల్లో కనిపించని ప్రయోజనం

ఇక్కడితో పాఠం ముగించవచ్చు. కాని పెద్దాయన ఒప్పుకోలేదు. "లెక్క బాగానే ఉంది. అక్కడ ప్రతి పూటా ధర చూస్తూ నేను తినలేను. దానికేమి చెబుతారు?" అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనది. ముందు చెల్లింపులో నిశ్చింత అనే ప్రయోజనం ఉన్నది. ఖర్చు ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. తినే సమయంలో ధర కళ్ల ముందు ఉండదు. ఆ నిశ్చింతకు విలువ కట్టడం తప్పు కాదు. అయితే దాని వెల ఇక్కడ 34,600 రూపాయలు, ఆపైన డిపాజిట్ రద్దువల్ల పోయే వడ్డీ, ఆపైన జూలైలో చేయవలసిన అప్పు. అదే నిశ్చింత ఇంతకంటే చౌకగా దొరుకుతుందా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

దొరుకుతుంది. ముందుగా చెల్లించడం వేరు, ముందుగా కేటాయించడం వేరు. చెల్లించిన సొమ్ము మన చేయి దాటిపోతుంది. వాడుకోకపోతే నష్టం మనది. కేటాయించిన సొమ్ము ఒక పనికోసం పక్కన పెట్టి ఉంటుంది. వాడుకోకపోతే మనకే మిగులుతుంది. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు ఈ సూత్రంపైనే నడుస్తున్నది. పరిమితి ముందే మంజూరవుతుంది. వడ్డీ మాత్రం రైతు తీసిన మేరకే పడుతుంది. ఎరువుల దుకాణంలో పంట కాలం మొత్తానికీ ముందే సొమ్ము కట్టి, వానలు లేక సగమే వాడిన రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి బ్యాంకు ఇచ్చే ట్రావెల్ కార్డులో 820 డాలర్లు వేసుకోమని సూచించాను. మారకపు తేడా, రుసుములు కలిపి రమారమి 69,000 రూపాయలు అయింది. దాళ్వా మిగులుతో అది సరిపోయింది. భోజనాల ఖర్చు పెద్దాయనదే అయింది. మాట నిలిచింది. డిపాజిట్ కదలలేదు.

ఫలితం

జూన్ చివరిలో ఆయన తిరిగి వచ్చి, కార్డులో మిగిలిన 96 డాలర్లను రూపాయల్లోకి మార్చుకున్నారు. మొత్తం అంచనాకు దగ్గరగానే వచ్చినా, లోపల నా లెక్క తప్పిన చోటు ఒకటి ఉన్నది. జూన్ నెల ఫ్లోరిడా ఎండలో ఎవరికీ భోజనం ఎక్కలేదట. చిరుతిళ్లు, చల్లని పదార్థాలు మేము అనుకున్నదానికి రెట్టింపు అయ్యాయి. భోజనాలు తగ్గాయి. పథకం తీసుకొని ఉంటే భోజనాలు మిగిలిపోయి, చిరుతిళ్లకు మళ్లీ డబ్బు పెట్టవలసి వచ్చేది. వాడకం ఎటు మారినా దానితోపాటు సర్దుకుపోగలగడం కేటాయించిన సొమ్ముకున్న మరొక గుణం.

ధర సంగతి అడిగాను. మొదటి రోజు ఆయన అలవాటు ప్రకారం ప్రతిదానినీ 83తో హెచ్చవేసి, ఆకలి లేదని చెప్పి కూర్చున్నారట. రెండవ రోజు ఉదయం కుమార్తె కార్డు తన చేతిలోకి తీసుకొని, "నాన్నా, డబ్బు నీదే, కాని కౌంటరు దగ్గరికి నువ్వు రావద్దు. రాత్రికి ఎంత మిగిలిందో చెబుతాను" అన్నదట. "అప్పటినుంచి బాగానే తిన్నాను" అన్నారు పెద్దాయన. ఆయన కోరిన నిశ్చింతకు పథకం అవసరం కాలేదు. డబ్బు ఇచ్చే చేయి, తినే చేయి వేరయితే చాలింది.

జూలైలో డిపాజిట్ గడువు తీరింది. నాట్లు వేళకు పడ్డాయి.

ఎవరికి అనుకూలం?

ఇటువంటి పథకాలు ఎవరికీ పనికిరావని ఈ పాఠం చెప్పడం లేదు. మూడు నుండి తొమ్మిదేళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న కుటుంబానికి, మూడు పూటలూ బయటనే తినేవారికి, ఖరీదైన వంటకాలు, పానీయాలు ఎలాగూ తీసుకొనేవారికి, ముందే నమోదు చేసుకొని వడ్డన భోజనాలు చేయదలచినవారికి ఇవి గిట్టుబాటు కావచ్చు. తక్కువ తినేవారు, నియమాలు పాటించేవారు, వృద్ధులు, పదేళ్లు దాటినా చిన్నపిల్లల భోజనమే తినే పిల్లలు ఉన్న కుటుంబం జాగ్రత్తపడాలి.

షరతులు కూడా ఏటేటా మారుతుంటాయి. ఉదాహరణకు 2026 సంవత్సరానికి, పెద్దలు పథకం కొంటే 3 నుండి 9 ఏళ్ల పిల్లలకు ఉచితమని ప్రకటించారు. అయితే గది అద్దెలో రాయితీ పొందనివారికే ఆ సదుపాయం. పిల్లల భోజనంలో మిగిలేది, వదులుకున్న రాయితీకంటే ఎక్కువా తక్కువా అని మళ్లీ లెక్క వేయాలి. ఒకరి లెక్క మరొకరికి, ఒక ఏటి లెక్క మరొక ఏటికి పనికిరాదు. పద్ధతి మాత్రం పనికివస్తుంది.

అభ్యాసం

మన దేశంలోని వినోద ఉద్యానాల్లో కూడా ప్రవేశ రుసుముతో భోజనం కలిపి అమ్మే టిక్కెట్లు ఉంటాయి. కొన్నిచోట్ల బయటి తిండిని లోపలికి అనుమతించరు కనుక, ఆ నిబంధనను ముందే తెలుసుకోవాలి. ఈ క్రింది ఊహాత్మక లెక్కను మీ ఇంట్లో పిల్లలచేత చేయించండి.

భార్యాభర్తలు, నాయనమ్మ, 12 ఏళ్ల అబ్బాయి, 7 ఏళ్ల అమ్మాయి ఒకరోజు విహారానికి వెళుతున్నారు. భోజనం కలిపితే టిక్కెట్టుకు తలకు 350 రూపాయలు అదనం. లోపల విడిగా కొంటే పెద్దల భోజనం 260, పిల్లల భోజనం 180. అబ్బాయి పెద్దల భోజనం తింటాడు. నాయనమ్మకు ఆ రోజు ఉపవాసం. పండ్లరసానికి 80 రూపాయలు. ఏది మేలు? ఎంత మేలు? నాయనమ్మ ఉపవాసం మానుకుంటే జవాబు మారుతుందా?

లెక్క చేసిన తరువాత మరొక్క ప్రశ్న వేయండి. మిగిలిన సొమ్ము ఇంట్లో దేనికి కేటాయిస్తారో పిల్లలనే చెప్పమనండి.